బొగ్గు ఓడలో నేర్చిన చదువు

కెప్టెన్ జేమ్స్ కుక్ పేరు సోషల్ పాఠంలో వినే ఉంటారు. ఆయన 1728లో ఇంగ్లాండులోని మార్టన్ అనే పల్లెలో ఒక వ్యవసాయ కూలీ ఇంట్లో పుట్టాడు. కొన్నాళ్ళు బడికి పోయాడు. తర్వాత ఒక కొట్లో పనికి కుదిరాడు గాని, మనసంతా సముద్రం మీదే.

1746లో విట్బీ రేవులో జాన్ వాకర్ అనే ఓడల యజమాని దగ్గర పని నేర్చుకోడానికి చేరాడు. మనం హాస్టల్లో ఉన్నట్టే, యజమాని ఇంట్లో తోటి కుర్రాళ్ళతో ఉండేవాడు. పని లండన్‌కి బొగ్గు మోసే తెరచాప ఓడల్లో. అక్కడ తాళ్ళు, తెరచాపలు, గాలివాటం అన్నీ నేర్చాడు. ఓడ రేవులో ఉంటే కూర్చుని లెక్కలు, నక్షత్రాలు చూసి దారి తెలుసుకునే విద్య చదివేవాడు.

1768లో ఆయన ప్రపంచయాత్రకు నడిపిన ఎండీవర్ కూడా పాత బొగ్గు ఓడే! 1770లో అది ఆస్ట్రేలియా దగ్గర పగడపు దిబ్బకి తగిలి చిల్లు పడింది. ఫిరంగులు నీళ్ళలో పారేయించి, ఓడను తేలిక చేసి అందర్నీ బతికించాడు.

అయితే ఆయన పోయిన నేలలు ఖాళీవి కావు. అక్కడ మనలాగే ఆదివాసులు ఉన్నారు. 1779లో హవాయి దీవిలో పడవ దొంగతనం జరిగితే, అక్కడి రాజునే పట్టుకుపోబోయాడు. ఆ గొడవలో వాళ్ళ చేతిలో చనిపోయాడు.

సముద్రాన్ని అంత బాగా చదివిన మనిషి, ఆ రోజు ఎదుటివాళ్ళ మనసు చదవలేదు. మనకి రెండు చదువులూ కావాలి.