కదలికలో మందు చూసిన హకీం ఇబ్నె సీనా

మోకాళ్ల నొప్పితో బాధపడేవారు లేని ఇల్లు నేడు అరుదు. మసీదుల్లో కుర్చీల మీద కూర్చుని నమాజు చేసే పెద్దల వరుస మనకు అలవాటైపోయింది. నడుము పట్టేసిందని మంచం దిగనివారు, భుజం పైకి లేవక అంగీ తొడుక్కోలేనివారు, పక్షవాతం నుంచి ప్రాణం దక్కినా చేయి పనిచేయక కుమిలిపోయేవారు మన బంధువుల్లోనే ఉన్నారు. వీరిలో చాలామంది మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగుతారు, తర్వాత కదలకుండా పడుకుంటారు. అయితే కొలతగా కదలడం కూడా ఒక మందేనని, వ్యాయామం, మర్దన, స్నానం వైద్యంలో అంతర్భాగమని వెయ్యేళ్ల కిందటే శాస్త్రబద్ధంగా రాసిపెట్టిన మహావైద్యుడు ముస్లింలలో జన్మించారు. ఆయనే షేఖుర్రయీస్ బూ అలీ ఇబ్నె సీనా. ఐరోపా వారు ఆయన్ను అవిసెన్నా అంటారు. ఆయన జీవితాన్ని ఈ శుక్రవారం పాఠకుల ముందుంచుతున్నాం.

కూరగాయల వర్తకుని శిష్యుడు

క్రీ.శ. 980లో, అంటే హిజ్రీ 370లో, బుఖారా నగరానికి సమీపాన అఫ్షనా అనే పల్లెలో ఇబ్నె సీనా జన్మించారు. ఆ ప్రాంతం నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. తండ్రి అబ్దుల్లాహ్ బల్ఖ్ నగరానికి చెందినవారు. సామానీ పాలకుల కొలువులో ఒక గ్రామానికి అధికారిగా పనిచేసేవారు. తల్లి పేరు సితారా. కుటుంబం బుఖారాకు వచ్చి స్థిరపడ్డాక కుమారుడి చదువు మొదలైంది.

పదేళ్లు నిండేసరికి ఆ బాలుడు దివ్య ఖుర్ఆన్‌ను కంఠస్థం చేశాడు. మన దేశపు లెక్కల విధానం తెలిసిన కూరగాయల వర్తకుడొకడు బుఖారాలో ఉండేవాడు. కొడుకును తండ్రి అతని దగ్గరికి పంపించి భారతీయ గణితం నేర్పించారు. విద్య ఎవరి దగ్గర ఉంటే వారి దగ్గరికి వెళ్లి నేర్చుకోవడమే నాటి ముస్లింల సంప్రదాయం. అంగట్లో కూర్చున్నవాడు గురువేమిటని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఆ తర్వాత ఇస్మాయీల్ అనే పండితుని దగ్గర ఫిఖ్, నాతిలీ అనే గురువు దగ్గర తర్కం, రేఖాగణితం చదివారు. కొద్ది కాలంలోనే శిష్యుడు గురువును మించిపోయాడు.

అంతటి మేధావికి కూడా కొరుకుడుపడని పుస్తకం ఒకటి ఎదురైంది. అరిస్టాటిల్ రాసిన అధిభౌతిక శాస్త్రాన్ని నలభై సార్లు చదివారు. మాటలన్నీ నోటికి వచ్చాయిగాని అర్థం బోధపడలేదు. ఒకనాడు పుస్తకాల బజారులో ఒక వర్తకుడు బతిమాలి అంటగట్టిన చిన్న గ్రంథాన్ని మూడు దిర్హములకు కొన్నారు. అది ఫారాబీ రాసిన వివరణ. ఇంటికెళ్లి చదవగానే చిక్కుముడి వీడిపోయింది. ఆ సంతోషంతో మరునాడు పేదలకు దానధర్మాలు చేశారు. ఏదైనా సమస్య తెగనప్పుడు మసీదుకు వెళ్లి నమాజు చేసి అల్లాహ్‌ను వేడుకోవడం ఆయనకు అలవాటు.

పదహారేళ్ల ప్రాయానికే వైద్యంలో ఆయన దిట్ట. పెద్ద పెద్ద వైద్యులు వచ్చి ఆయన వద్ద పాఠాలు విన్నారు. పుస్తక జ్ఞానంతో తృప్తిపడక రోగులను స్వయంగా చూసి చికిత్సలు తెలుసుకున్నారు. ఆ రోజుల్లో బుఖారా పాలకుడు నూహ్ బిన్ మన్సూర్ జబ్బు పడ్డారు. ఆస్థాన వైద్యులు ఈ యువకుణ్ణి పిలిపించారు. చికిత్సలో పాలుపంచుకున్నందుకు ఆయన కోరుకున్నది రాజ గ్రంథాలయంలో చదువుకునే అనుమతి! గదుల నిండా పెట్టెలు, పెట్టెల నిండా పుస్తకాలు ఉన్న ఆ గ్రంథాలయమే ఆయనకు విశ్వవిద్యాలయమైంది.

ఊరూరా తిరిగిన జీవితం

క్రీ.శ. 999లో సామానీ రాజ్యం కూలిపోయింది. తండ్రి కూడా కన్నుమూశారు. అక్కడి నుంచి ఇబ్నె సీనా జీవితమంతా ప్రయాణమే. బుఖారా వదిలి ఖ్వారిజ్మ్ రాజధాని గుర్గాంజ్‌కు, అక్కడి నుంచి ఎన్నో ఊళ్లు దాటి కాస్పియన్ సముద్ర తీర ప్రాంతంలోని జుర్జాన్‌కు చేరారు. ఆదరిస్తాడని ఆశించిన అక్కడి పాలకుడు అప్పటికే బందీ అయి చనిపోయాడు. కాని ఆ ఊళ్లోనే ఆయనకు జూజ్జానీ అనే శిష్యుడు దొరికాడు. పాతికేళ్లు నీడలా వెంట ఉండి గురువు జీవిత చరిత్రను లోకానికి అందించింది ఆ శిష్యుడే. వైద్యంలో మహాగ్రంథమైన అల్ ఖానూన్ ఫిత్తిబ్ రచన కూడా జుర్జాన్‌లోనే మొదలైంది.

తర్వాత రయ్ నగరం మీదుగా హమదాన్ చేరారు. అక్కడి అమీర్ షమ్సుద్దౌలా కడుపు శూలతో విలవిలలాడుతుంటే నలభై రోజులు దగ్గరే ఉండి నయం చేశారు. అమీర్ ఆయన్ను మంత్రిని చేశాడు. కొంతకాలానికి సైనికులు తిరగబడి ఆయన ఇల్లు దోచుకున్నారు, ఆయన్ను చంపమని పట్టుబట్టారు. పదవి పోయింది. నలభై రోజులు ఒక మిత్రుని ఇంట్లో దాక్కున్నారు. ఇంతలో అమీర్‌కు మళ్లీ శూల వచ్చింది, మళ్లీ హకీం గారే కావలసి వచ్చారు. క్షమాపణ చెప్పి మళ్లీ మంత్రిని చేశారు! పగలంతా కొలువు పని, రాత్రివేళ శిష్యులకు పాఠాలు. ఖానూన్‌లో చాలా భాగం ఆ రాత్రుల్లోనే రూపుదిద్దుకుంది.

అమీర్ మరణించాక రాజకీయాలు మారాయి. నాలుగు నెలలు ఫర్దజాన్ కోటలో ఖైదీగా ఉన్నారు. అక్కడ కూడా కలం ఆపలేదు. చివరకు సూఫీ ఫకీరు వేషంలో తప్పించుకుని ఇస్ఫహాన్ చేరారు. అక్కడి పాలకుడు అలావుద్దౌలా ఆయన్ను నెత్తిన పెట్టుకున్నాడు.

ఖానూన్‌లో ఏముంది?

ఖానూన్ ఐదు భాగాల గ్రంథం. మొదటిది వైద్య సూత్రాలు, రెండవది ఒక్కొక్క మూలిక గుణాలు, మూడవది తల నుంచి పాదాల వరకు వచ్చే వ్యాధులు, నాలుగవది జ్వరాలు, విరిగిన ఎముకలు, తొలగిన కీళ్లు వంటివి, ఐదవది మిశ్రమ ఔషధాలు. మూలికల సంగతి అందరూ చెప్పుకుంటారు. మేము ఈ వారం చెప్పదలచింది మూలిక అక్కర్లేని చికిత్స గురించి.

ఆరోగ్యాన్ని కాపాడేవాటిలో ఇబ్నె సీనా వ్యాయామానికి పెద్దపీట వేశారు. ఆహారం, నిద్ర ఆ తర్వాతే. మనిషి తన ఇష్టంతో చేసే కదలికతో శ్వాస పెద్దదై వేగం అందుకుంటేనే దాన్ని వ్యాయామమన్నారు. తగిన సమయంలో తగినంత వ్యాయామం చేసేవారికి మందుల అవసరం తగ్గుతుందని బోధించారు. కుస్తీ, పరుగు, వేగంగా నడవడం, విలువిద్య, గుర్రపు స్వారీ వంటి బలమైనవాటితో పాటు ఊయల ఊగడం, పడవ ప్రయాణం వంటి తేలికైనవి కూడా ఆయన జాబితాలో ఉన్నాయి. బలహీనులకు, ముసలివారికి, జబ్బు నుంచి లేచినవారికి ఎవరికి తగింది వారికే. దెబ్బతిన్న అవయవాన్ని నేరుగా శ్రమపెట్టకుండా శరీరంలోని మిగతా భాగాన్ని కదిలించి మేలు చేకూర్చే పద్ధతిని కూడా చెప్పారు. ఎప్పుడు ఆపాలో తెలియడానికి గుర్తులు ఇచ్చారు. చర్మం కళగా ఉండి కదలిక హాయిగా సాగినంతసేపు చేయవచ్చు. ఆ హాయి తగ్గిపోగానే ఆపేయాలి.

మర్దనలోనూ రకాలు చెప్పారు. గట్టి మర్దన ఒంటిని బిగువు చేస్తుంది, మెత్తని మర్దన సడలిస్తుంది, అతిగా చేసేది ఒళ్లు తగ్గిస్తుంది, మితమైనది కండ పెంచుతుంది. ముతక గుడ్డతో రుద్దితే రక్తం పైకి వస్తుంది. వ్యాయామానికి ముందు ఒళ్లు సిద్ధం చేసే మర్దన, తర్వాత అలసట తీర్చే మర్దన వేరువేరు. నేడు క్రీడాకారులకు ఆటకు ముందూ వెనకా చేయించేది ఇదే కదా!

ఇక నొప్పి సంగతి. పొడిచే నొప్పి, గుచ్చే నొప్పి, తొలిచే నొప్పి, లాగే నొప్పి, నొక్కే నొప్పి, పోటు, తిమ్మిరి, బరువు... ఇలా పదిహేను రకాలుగా విభజించారు. ఎందుకింత విభజన? నొప్పి తీరును బట్టి దాని మూలం తెలుస్తుందని ఆయన నమ్మకం. అసలైన ఉపశమనం మూలాన్ని తొలగించడంలో ఉందని, నల్లమందు వంటివి కేవలం స్పర్శను మొద్దుబారుస్తాయని హెచ్చరించారు. వేడి కాపడం వంటివాటితో పాటు చాలాసేపు నెమ్మదిగా నడవడం, మనసుకు నచ్చిన పనిలో లీనమవడం కూడా నొప్పిని తగ్గిస్తాయని రాశారు. మనసుకు నొప్పితో సంబంధం ఉందని గ్రహించిన వైద్యుడాయన.

తుంటి నుంచి కాలిలోకి దిగే నొప్పిని ఇర్ఖున్నసా అన్నారు. నేటి వైద్యులు సయాటికా అంటున్నది దానినే. కీళ్ల నొప్పులను, గౌట్‌ను కూడా విడివిడిగా చర్చించారు. ఎముక విరిగితే వెంటనే బద్దలు బిగించవద్దని, అయిదు రోజులు గడిచి వాపు తీశాక బిగించాలని సూచించారు. వాపు మీద బిగువైన కట్టు కడితే రక్తం ఆడక అవయవానికే ముప్పు. ఇప్పటికీ నాటు కట్లతో చేతులు, కాళ్లు పోగొట్టుకునేవారిని చూస్తే ఆ మాట విలువ తెలుస్తుంది.

ఈ గ్రంథాన్ని 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని తులేతులా నగరంలో, అంటే టొలెడోలో, గెరార్డ్ అనే పండితుడు లాటిన్‌లోకి అనువదించాడు. 1593లో రోమ్‌లో అరబ్బీ మూలమే అచ్చయింది. 17వ శతాబ్దం దాకా ఐరోపా విశ్వవిద్యాలయాల్లో ఇది పాఠ్యగ్రంథం.

వైద్యునికి జబ్బు చేసిన వేళ

ఇంతటి వైద్యుడు తన శరీరాన్ని మాత్రం కాపాడుకోలేకపోయారు. రాత్రింబవళ్ల శ్రమ, ఆగని ప్రయాణాలు, అదుపు లేని అలవాట్లు ఆయన్ను పీల్చేశాయి. శిష్యుడు జూజ్జానీ ఈ విషయాన్ని దాచలేదు. మేమూ దాచడం లేదు. అలావుద్దౌలాతో దండయాత్రలో ఉండగా ఆయనకే కడుపు శూల పట్టుకుంది. సైన్యం వెనుదిరిగితే తాను వెనకబడిపోతానన్న ఆత్రంతో ఒక్కరోజులో ఎనిమిది సార్లు ఎనిమా చేయించుకున్నారు. పేగులు పుండుపడ్డాయి. సేవకులు మందులో నల్లమందు ఎక్కువ కలిపారని కూడా శిష్యుడు రాశాడు.

కొంత కోలుకుని నడవగలిగారు. కాని పథ్యం పాటించలేదు. హమదాన్ వెళ్లే దారిలో జబ్బు తిరగబెట్టింది. శరీరంలో శక్తి ఉడిగిందని గ్రహించి మందులు మానేశారు. తౌబా చేసి, ఉన్నది పేదలకు పంచి, బానిసలను విముక్తుల్ని చేసి, ఖుర్ఆన్ పారాయణంలో కాలం గడిపారని చరిత్రకారులు రాశారు. హిజ్రీ 428 రంజాన్ మాసంలో, అంటే క్రీ.శ. 1037లో, కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 57 ఏళ్లు. హమదాన్‌లో ఆయన సమాధి ఉంది.

మనం నేర్వవలసింది

ఇబ్నె సీనా తత్వచింతనలోని కొన్ని అంశాలను ఇమాం గజాలీ తీవ్రంగా ఖండించారు. ఆ చర్చ విద్వాంసులది. వైద్యంలో మాత్రం ఆయన సేవను కాదన్నవారు లేరు. అలాగని నేటి వైద్యమంతా ఖానూన్‌లోనే ఉందని గొప్పలు చెప్పుకోవడం మనకు తగదు. కాల్చి వాతలు పెట్టడం, నరం కోసి రక్తం తీయడం వంటి నాటి చికిత్సలను ఎవరూ ఇంట్లో ప్రయోగించరాదు. ఆయన రోగిని చూసి నేర్చుకున్నారు. ఆయన వారసులమంటే మనమూ కొత్త విషయాలు నేర్చుకోవాలి.

హైదరాబాద్ చార్మినార్ పక్కన ఉన్న నిజామియా తిబ్బీ కళాశాలలోనూ, కర్నూలు డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాలలోనూ ఆయన సూత్రాలు నేటికీ పాఠ్యాంశాలే. మర్దన, వ్యాయామం, కాపడం, స్నానాలతో చేసే చికిత్సను యునానీలో ఇలాజ్ బిత్ తద్‌బీర్ అంటారు. ఆధునిక ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగం ఉంది. మోకాళ్ల అరుగుదలకు తొడ కండరాల వ్యాయామం, మామూలు నడుము నొప్పికి మంచం మీద పడుకోవడం కన్నా వీలైనంత తిరగడం, పక్షవాతం తర్వాత సాధ్యమైనంత త్వరగా శిక్షణ మొదలుపెట్టడం మేలని నేటి వైద్యం కూడా చెబుతోంది. నొప్పి బిళ్లలు ఏళ్ల తరబడి మింగితే కడుపుకు, మూత్రపిండాలకు చేటు. అయితే కాలు మొద్దుబారినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి.

అన్నిటికన్నా పెద్ద పాఠం ఆయన చివరి రోజుల్లో ఉంది. ఒక్కరోజులో నయం కావాలన్న ఆత్రం ఆ మహావైద్యునికే చేటు చేసింది. మనలో చాలామంది వ్యాయామ చికిత్సకు నాలుగు రోజులు వెళ్లి గుణం లేదని మానేస్తారు. బిగిసిన కీలు వారాల మీద, నెలల మీద సడలుతుంది. దానికి కావలసింది సబ్ర్. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేసుకునే సౌలభ్యం ధర్మం ఇచ్చింది. ఆ సౌలభ్యాన్ని కృతజ్ఞతతో వాడుకుందాం. దానితో పాటు, తిరిగి నిలబడే ప్రయత్నం కూడా మానకుండా ఉందాం. ఇంట్లో పెద్దవారుంటే సాయంత్రం వారి చేయి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించడం కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు, మనవలు చేయగల సేవ. దానికి ఖర్చేమీ లేదు.

అల్లాహ్ మన పెద్దలందరికీ ఆరోగ్యాన్ని, మనకు సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.