దయ్యాన్నీ అంటరానితనాన్నీ ఒకే గాటన కట్టిన గోరా

ఒక మనిషి లేని దయ్యాన్ని చూసి జడుసుకుంటే దాన్ని భ్రమ అంటాం. ఊరు ఊరంతా సాటి మనిషిని తాకితే మైల అని నమ్మితే మాత్రం దాన్ని ఆచారం అంటారు. రెండూ ఒకటేనని చెప్పి, ఆ మాటను ముందుగా తన ఇంట్లోనే ఆచరించిన మనిషి గోరా.

గోపరాజు రామచంద్రరావు 1902 నవంబర్ 15న ఇప్పటి ఒడిశాలోని ఛత్రపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రం చదివి అధ్యాపకుడయ్యారు. దయ్యాలున్నాయని జనం భయపడే ఇంట్లో కావాలని పడుకున్నారు. గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందంటే, ఆయన భార్య సరస్వతి కడుపుతో ఉండి గ్రహణం చూశారు. బిడ్డ ఏ లోపమూ లేకుండా పుట్టింది.

దయ్యం లేదంటే ఎవరికీ నష్టం లేదు. జంధ్యం తీసేస్తేనే చిక్కు. గోరా జంధ్యం వదిలేస్తే తండ్రి ఇంట్లోంచి పొమ్మన్నారు, కులం వెలేసింది. 1933లో నాస్తికుడన్న కారణంతో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోయింది. ఏ భ్రమ వెనక ఎవరి పెత్తనం ఉందో ఈ రెండు అనుభవాలే చెబుతాయి.

1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, కులాలన్నిటినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు నడిపారు. అంటరానితనం దేవుడి రాత, పూర్వజన్మ ఫలం అని నమ్మినంతకాలం దాన్ని ఎవరూ కదిలించలేరన్నది ఆయన వాదన. దేవుణ్ణి పక్కన పెడితే అది మనుషులు చేసిన అన్యాయంగా కనబడుతుంది. మనుషులు కట్టినదాన్ని మనుషులే కూల్చొచ్చు. ఇదే మాట సేవాగ్రాంలో గాంధీ ముందు కూర్చుని వాదించారు.

గోరా కూతురు మనోరమకూ దళిత యువకుడు అర్జునరావుకూ పెళ్లి నిశ్చయమైతే, దాన్ని ఆశ్రమంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి బదులు సత్యం అనడానికీ సమ్మతించారు. ఆయన హత్య తర్వాత, 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది. కొడుకు లవణం కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను చేసుకున్నారు.

అయితే గోరాకు జంధ్యం తీసేసే వీలుంది. మాలవాడలో, మాదిగవాడలో పుట్టినవాళ్లకు తీసి పారేయడానికి అలాంటిదేమీ లేదు. ఆయన వెలిని ఎంచుకున్నారు, మనకది పుట్టుకతోనే వచ్చింది. అంబేద్కర్ కూడా ఇదే హిందూ కర్మ సిద్ధాంతాన్ని తిరస్కరించారు గానీ, 1956లో లక్షల మందితో బౌద్ధంలోకి నడిచారు. దారులు వేరైనా ఇద్దరూ తెంచాలనుకున్న సంకెల ఒకటే. గోరాను ఉద్ధారకుడిగా మొక్కితే అదీ ఇంకో భ్రమే. తీసుకోవాల్సింది ఆయన పద్ధతి: చెప్పినదాన్ని నలుగురి ముందూ చేసి చూపడం, దానికయ్యే ఖర్చు తానే భరించడం.

1975 జులై 26న విజయవాడలో మాట్లాడుతూనే కన్నుమూశారు. తర్వాతి కాలంలో కోడలు హేమలత నిజామాబాద్ జిల్లాలో జోగినుల విముక్తికి పనిచేశారు. దేవత పేరున దళిత ఆడపిల్లల్ని జోగినులుగా మార్చిన ఊళ్లలో నమ్మకం అందరిదీ, బతుకు బలైంది మాత్రం ఆ పిల్లలది. కాబట్టి ఏ నమ్మకం ఎదురైనా అది నిజమా అని అడగడంతో ఆగొద్దు. దానివల్ల ఎవరికి లాభమో కూడా అడగాలి.