ఎనభై కోట్ల భుజాల లెక్క: గియాసుద్దీన్ కాషీ

ఇరాన్‌లోని కాషాన్ పట్టణంలో 1380 ప్రాంతంలో జన్మించిన గియాసుద్దీన్ జంషీద్ కాషీ వృత్తిరీత్యా హకీం. మనసంతా నక్షత్రాల మీద, అంకెల మీద ఉండేది. 1406 జూన్ 2న ఆయన కాషాన్‌లో చంద్రగ్రహణాన్ని పరిశీలించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు పేదరికంలోనే గడిచాయి. తైమూర్ మనవడు ఉలుగ్ బేగ్ ఆదరణలో సమర్‌ఖండ్ చేరాక గాని కుదురు చిక్కలేదు. దర్బారు మర్యాదలు ఆయనకు అంతగా తెలియవంటారు. స్వయంగా గణితవేత్త అయిన ఉలుగ్ బేగ్ దాన్ని పట్టించుకోలేదు.

కాషీ పేరు నిలిపిన గ్రంథం హిజ్రీ 827 షాబాన్ నెలలో, అంటే 1424 జూలైలో, అరబ్బీలో పూర్తి చేసిన 'రిసాలా ముహీతియా'. ముహీత్ అంటే చుట్టుకొలత. ఉర్దూ చదివిన వారికి ఈ మాట కొత్త కాదు. వృత్తం వ్యాసానికి చుట్టుకొలత ఎన్ని రెట్లు అన్నదే ఇందులోని ప్రశ్న. మన పిల్లలు బడిలో 22/7 అని నేర్చుకుంటారు. అది మూడో దశాంశ స్థానంలోనే తప్పుతుంది.

ఎంత తేడాను సహించవచ్చో కాషీ ముందుగానే నిర్ణయించుకున్నారు. భూమి వ్యాసానికి 6 లక్షల రెట్లు వ్యాసం గల వృత్తాన్ని ఊహించారు. దాని చుట్టుకొలతలో కూడా తేడా గుర్రపు వెంట్రుక మందానికి మించరాదు! అందుకు వృత్తంలో త్రిభుజంతో మొదలుపెట్టి భుజాలను రెట్టిస్తూ పోవాలి: 3, 6, 12, 24... ఇలా 28 సార్లు రెట్టిస్తే 80,53,06,368 భుజాలవుతాయి. అన్ని భుజాల ఆకారాన్ని ఎవరూ గీయలేరు, గీయనక్కరా లేదు. ఈ సంఖ్యను 2, 3 తప్ప మరే ప్రధాన సంఖ్యా భాగించదు. 3 ఒక్కసారి, 2 ఇరవై ఎనిమిది సార్లు. అందుకే ప్రతి రెట్టింపుకూ ఒక వర్గమూలం తీస్తే సరిపోతుంది. చెప్పడానికి బాగుందని 80 కోట్లే తీసుకుని ఉంటే, దాన్ని 5 ఎనిమిది సార్లు భాగిస్తుంది గనుక ఈ దారి సాగేది కాదు.

సరిపోతుందని అనడం మనకు తేలిక. ఆయన ఆ మూలాలన్నీ చేతితో, గంటను నిమిషాలుగా, సెకండ్లుగా విడగొట్టే అరవై లెక్కలో తీశారు. మొదట్లో ఒక్క అంకె తప్పినా చివరిదాకా వెంటాడుతుంది. కనుక పట్టికలు వేసి సరిచూసుకున్నారు. వృత్తం లోపలి ఆకారానికీ బయటి ఆకారానికీ చుట్టుకొలతలు కట్టి సగటు తీశారు. వ్యాసార్ధానికి చుట్టుకొలత 6.2831853071795865 రెట్లని తేల్చారు. అరవై లెక్క తెలియని వారి కోసం ఇలా దశాంశాల్లోనూ రాయడం ఆయన ఉదారత. అంతకు ముందే కేరళకు చెందిన మాధవుడు 11 స్థానాల వరకు రాబట్టారు. కాషీ లెక్కను 1596లో లుడోల్ఫ్ వాన్ కూలెన్ దాటేసరికి 172 ఏళ్లు గడిచాయి.

1427లో 'మిఫ్తాహుల్ హిసాబ్' పూర్తి చేసి ఉలుగ్ బేగ్‌కు అంకితమిచ్చారు. గుమ్మటాల కొలతలే కాక, మసీదు ద్వారాల పైన తేనెపట్టులా కనిపించే ముఖర్నస్ కొలతలు కూడా అందులో ఉన్నాయి. హిజ్రీ 832 రమజాన్ 19న, అంటే 1429 జూన్ 22న, సమర్‌ఖండ్‌లో కన్నుమూశారు. ఆయన పాలుపంచుకున్న నక్షత్ర పట్టికలు 1437కు గాని పూర్తి కాలేదు. వాటి ముందుమాటలో ఉలుగ్ బేగ్ ఆయనను గౌరవంగా తలచుకున్నారు.