తనను తానే తయారు చేసుకునే యంత్రం: జాన్ వాన్ న్యూమన్



మొన్న పేరెంట్స్ మీటింగ్‌కు ములకలపల్లి నుంచి వచ్చిన ఒక నాన్నగారు నన్ను సూటిగా అడిగారు. వాళ్ల అబ్బాయి కంప్యూటర్‌లో ఏదో యుద్ధం గేమ్ కోసం తనను తానే కాపీ చేసుకునే ప్రోగ్రాం రాస్తున్నాడట. దానితో ర్యాంకు వస్తుందా అని ఆయన ప్రశ్న. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ నెల ఒక జీవితకథతో చెబుతాను.

జాన్ వాన్ న్యూమన్ 1903 డిసెంబర్ 28న హంగేరీలోని బుడాపెస్ట్‌లో పుట్టారు. తండ్రి బ్యాంకర్. బడిలో లెక్కల సారు లాస్లో రాట్జ్ ఈ పిల్లవాడికి క్లాసు పాఠం చాలదని గమనించి, తండ్రితో మాట్లాడి, విడిగా పెద్ద గణితం చెప్పించే ఏర్పాటు చేశారు. అయినా బడి మాన్పించలేదు. తన ఈడు పిల్లల మధ్యే చదివాడు.

తర్వాతి కథ మన ఇళ్లలోదే అనిపిస్తుంది. గణితంతో బతుకు గడవదని తండ్రి భయపడ్డారు. కెమికల్ ఇంజనీరింగ్ చదవమన్నారు. కొడుకు కాదనలేదు, గణితాన్నీ వదల్లేదు. 1926లో జూరిచ్ నుంచి ఇంజనీరింగ్ డిప్లొమా, బుడాపెస్ట్ నుంచి గణితంలో డాక్టరేట్ రెండూ తెచ్చుకున్నాడు.

1930లో అమెరికా వెళ్లారు. యుద్ధకాలంలో అణుబాంబు లెక్కల్లోనూ ఆయన చేయి ఉంది, అది దాచకూడదు. ప్రోగ్రాంను, డేటాను ఒకే మెమరీలో ఉంచే పద్ధతిని 1945లో ఒక నివేదికగా రాశారు. అందులో సహచర ఇంజనీర్ల ఆలోచనలూ ఉన్నాయి. మీ చేతిలోని ఫోన్ వరకు ఆ దారే.

ఆ తర్వాత ఆయనను ఒక ప్రశ్న పట్టుకుంది. ఒక యంత్రం తనలాంటి యంత్రాన్నే తయారు చేయగలదా?

ఆయన జవాబును ఆవకాయతో చెబుతాను. అమ్మ జాడీ మాత్రమే ఇచ్చి పంపితే ఏడాదికి అయిపోతుంది. కొలతల చీటీ కూడా ఇస్తే కూతురు ప్రతి వేసవిలో పెట్టుకుంటుంది. ఆ చీటీతో రెండు పనులు. ఒకటి, చదివి పచ్చడి పెట్టడం. రెండు, ఉన్నదున్నట్టు ఎత్తి రాసి తన కూతురికి ఇవ్వడం. యంత్రం లోపలా అలాంటి చీటీ ఉండాలి. దాన్ని ఒకసారి ఆజ్ఞగా చదివి కొత్త యంత్రం కట్టాలి, ఇంకోసారి కాపీ తీసి అందులో పెట్టాలి. రెండో పని మరిస్తే వంశం అక్కడితో ఆగిపోతుంది. 1948, 1949 ప్రసంగాల్లో ఆయన ఈ సంగతి చెప్పారు. డీఎన్‌ఏ ఆకారం తెలిసింది 1953లో. మన అడవిలో ఇప్ప గింజ చేసే పనీ ఇదే.

క్యాన్సర్‌తో 1957 ఫిబ్రవరి 8న, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. పుస్తకం సగంలో ఆగింది. ఆర్థర్ బర్క్స్ దాన్ని పూర్తి చేసి 1966లో తెచ్చారు.

ఆ ఆలోచన ఆటల్లోకీ వచ్చింది. 1961లో బెల్ ల్యాబ్స్‌లో ముగ్గురు డార్విన్ అనే ఆట ఆడారు. 1984లో డ్యూడ్నీ కోర్ వార్ గురించి రాశారు. ఒకే మెమరీలో రెండు ప్రోగ్రాంలు తలపడతాయి. ఇంప్ అనే ప్రోగ్రాంలో ఉన్నది ఒక్క ఆజ్ఞే, తనను పక్క గడిలోకి కాపీ చేసుకుంటూ సాగిపోతుంది. కాపీలు పెంచుకునేవాటిని కాగితం అంటారు, బాంబులు వేసేవాటిని రాయి, వెతికి కొట్టేవాటిని కత్తెర. పిల్లల ఆటలో లాగే ఏదీ అన్నిటినీ గెలవదు.

ఆ నాన్నగారికి నా జవాబు ఇది. ర్యాంకు వస్తుందని మాట ఇవ్వలేను. కానీ ఆ పది లైన్లు రాయాలంటే మెమరీలో ప్రతి గడిలో ఏం జరుగుతుందో బాబుకు తెలియాలి. ఈ ఆదివారం కాగితం, పెన్సిల్ ఇచ్చి, వాడి ప్రోగ్రాం ఎలా నడుస్తుందో గీసి చూపమనండి. గీయగలిగితే వాడు ఆడుతున్నా, చదువుతున్నట్టే. గీయలేకపోతే నా దగ్గరికి పంపండి, ఇద్దరం కూర్చుని గీస్తాం.