రామానుజన్ పట్టికలో తప్పిపోయిన సంఖ్య

1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ అచ్చువేసిన ఒక వ్యాసంలో 102 సంఖ్యల పట్టిక ఉంది. అందులో చివరిది 67,46,32,83,88,800. అంటే 6 లక్షల 74 వేల కోట్ల పైమాటే. కంప్యూటర్లు లేని కాలంలో ఆ పట్టిక తయారుచేసింది శ్రీనివాస రామానుజన్. అప్పటికి ఆయనకు డిగ్రీ లేదు.

1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో పుట్టి కుంభకోణంలో పెరిగిన రామానుజన్ లెక్కల్లో పడి మిగతా సబ్జెక్టులను వదిలేశారు. దాంతో కాలేజీ స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయారు. తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరినా ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు.

ఉద్యోగం కోసం తిరుగుతూ 1910లో నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావును కలిశారు. నోటుపుస్తకాలు చూసిన ఆయన నెలకు 25 రూపాయలు తన జేబులోంచి ఇచ్చారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతానికి గుమాస్తాగా కుదిరిన రామానుజన్, మరుసటి ఏడాది కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి ఉత్తరం రాశారు. 1914 మార్చిలో ఇంగ్లండుకు ఓడ ఎక్కారు.

అక్కడ ఆయన పట్టుకున్న ప్రశ్న పైకి చిన్నదే. 12ను 1, 2, 3, 4, 6, 12 నిశ్శేషంగా భాగిస్తాయి. అంటే దానికి ఆరు భాజకాలు. 12 కన్నా చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. ఇలా తనకన్నా చిన్నవాటన్నిటినీ భాజకాల లెక్కలో మించిపోయే సంఖ్యల తీరు ఏమిటి?

అలాంటి సంఖ్యను విడదీస్తే 2, 3, 5, 7 ఇలా ప్రధాన సంఖ్యలు మధ్యలో ఏదీ వదలకుండా వరుసగా రావాలి. చిన్న ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు వస్తే, దాని తర్వాతది అంతకు మించి రాకూడదు. 4, 36 మినహా ప్రతిదానిలోనూ చివరి ప్రధాన సంఖ్య ఒక్కసారే వస్తుందని రామానుజన్ రుజువు చేశారు.

అంత జాగ్రత్తలోనూ ఒక సంఖ్య జారిపోయింది. అది 2,93,31,86,25,600. దానికి 5,040 భాజకాలున్నాయి. దాన్ని 23తో గుణిస్తే వచ్చేది పట్టికలోని చివరి సంఖ్యే. పెద్దది చిక్కింది, దాని లోపలే ఉన్న చిన్నది తప్పించుకుంది.

ఎఫ్.ఏ. దాటని మనిషికి ఈ పరిశోధన మీదే 1916 మార్చిలో కేంబ్రిడ్జి బీఏ డిగ్రీ ఇచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలోషిప్ వచ్చింది. అప్పటికే జబ్బు ముదిరింది. 1919లో తిరిగొచ్చిన రామానుజన్ 1920 ఏప్రిల్ 26న మద్రాసులో 32 ఏళ్లకే కన్నుమూశారు.

యుద్ధకాలంలో సొసైటీకి డబ్బు లేక ఆ వ్యాసంలో కొంత భాగం అచ్చుకు నోచుకోలేదు. ఆ రాతప్రతి 1988లో వెలుగు చూసింది. 1997లో ఇద్దరు ఫ్రెంచి గణితవేత్తలు, నికోలా, రోబాన్, దానికి వివరణలు రాసి ప్రచురించారు. మొదటి సగం డిగ్రీ తెచ్చిపెడితే, మిగతా సగం పాఠకులను చేరడానికి ఆయన పోయాక డెబ్భై ఏళ్లు దాటాయి.