బరోడాలో దొరకని గది

సుచిత్ర చౌరస్తా నుంచి కొంపల్లి వైపు నడిస్తే టు-లెట్ బోర్డులకు కొదవ లేదు. పీహెచ్‌డీలో చేరాక నేనూ అక్కడే గది వెతికాను. అద్దె మాట రాకముందే ఊరు, ఇంటిపేరు అడిగారు. మూడో ఇల్లు కూడా లేదనిపించుకుని బస్టాప్‌లో కూర్చున్న సాయంత్రం నాకు గుర్తొచ్చింది బరోడా పార్కులో కూర్చున్న అంబేడ్కర్.

బాబాసాహెబ్ చదువు గురించి చెప్పేటప్పుడు డిగ్రీలు లెక్కపెడతాం. ఆ చదువును నిలబెట్టిన స్కాలర్‌షిప్ గురించి, అది ఆగినప్పుడు ఆయన పడ్డ పాట్ల గురించి తక్కువగా మాట్లాడుకుంటాం.

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదివేటప్పుడు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయలు ఇచ్చేవారు. 1912లో బీఏ అయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో తండ్రి రాంజీ చనిపోయారు. ఆ జూలైలోనే 22 ఏళ్ల అంబేడ్కర్ న్యూయార్క్ చేరారు. మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్లు అందుతాయి. చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేయాలి. ఇదీ ఒప్పందం.

కొలంబియాలో 1915లో ఎంఏ పూర్తి చేశారు. 1916లో కులం పుట్టుక మీద ఆంత్రోపాలజీ సెమినార్‌లో పత్రం చదివారు. అక్కడి నుంచి లండన్ వెళ్లి పరిశోధన మొదలుపెట్టారు. అది పూర్తి కాకముందే, 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. థీసిస్ వదిలేసి రావలసి వచ్చింది.

ఒప్పందం ప్రకారం బరోడాలో కొలువు దొరికింది కానీ ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పుకుని తలదాచుకున్నారు. ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లు దూరం నుంచే బల్ల మీదకు విసిరేవారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చిన గుంపు సత్రం ఖాళీ చేయమంది. తెలిసిన స్నేహితులూ ఏదో సాకు చెప్పి తప్పుకున్నారు. రెండు విదేశీ విశ్వవిద్యాలయాల్లో చదివిన మనిషి పార్కులో కూర్చుని ఏడ్చి, బొంబాయి రైలెక్కారు.

అయినా ఆగిపోలేదు. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టారు. కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయం చేశారు. మిత్రుడు నావల్ భథేనా అప్పు ఇచ్చారు. 1920లో మళ్లీ లండన్ వెళ్లి, అర్ధాకలితో చదివి 1923లో డీఎస్సీ సాధించారు. ఇక్కడ ఇల్లు నెట్టుకొచ్చింది రమాబాయి. ఆ దంపతుల ఐదుగురు పిల్లల్లో నలుగురు పసితనంలోనే పోయారు. 1935లో ఆమె కూడా కన్నుమూశారు. ఆ దుఃఖం ఏ డిగ్రీ పత్రంలోనూ కనిపించదు.

1942లో వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడయ్యాక ఆయన తన కష్టాన్ని మర్చిపోలేదు. దళిత విద్యార్థుల పైచదువులకు ప్రభుత్వం నుంచి 3 లక్షల రూపాయలు సాధించారు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మీదే మనలో చాలామందిమి ఇవాళ్టికీ చదువుతున్నాం. మహారాజు దయగా ఆయనకు దొరికింది, మనకు హక్కుగా మారింది.

కానీ హక్కు కూడా నెల నెలా చేతికి అందాలి. 2016 జనవరిలో రోహిత్ వేముల చనిపోయేనాటికి ఆయన ఫెలోషిప్ నెలల తరబడి ఆగి ఉంది. ఆ తర్వాత క్యాంపస్‌లలో మానసిక ఆరోగ్యం గురించి మాటలు పెరిగాయి. అయితే కౌన్సెలర్ కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారని అడిగేవాళ్లు తక్కువ.

మా పక్క గదిలో ఉండే చెల్లె ఒకామె సైకాలజీలో పీజీ చేసింది. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, రిజిస్టర్ కావాలి. ఆ శిక్షణ పూర్తి సమయం అడుగుతుంది. పొద్దంతా ఆస్పత్రిలో ఉంటే పార్ట్‌టైమ్ పనికి సమయం ఎక్కడిది? ఫీజు ఒక్కటే కట్టే స్కాలర్‌షిప్ ఆమెకు సగమే సాయం. గది అద్దె, మెస్ బిల్లు, బస్ పాస్ కలిపి నెల నెలా వచ్చేదే అసలు స్కాలర్‌షిప్.

ఇల్లు ఎందుకు దొరకలేదో విడమరచి చెప్పకుండానే అర్థం చేసుకునే డాక్టర్లు, కౌన్సెలర్లు మనకు కావాలి. బరోడా పార్కులో ఆ రోజు ఆయన పక్కన కూర్చోవడానికి ఎవరూ లేరు. ఆమె చదువు ఆగకపోతే, రేపు అలాంటి చోట కూర్చున్న పిల్లల పక్కన ఒకరుంటారు.