పునాది మార్చుటకు వెనుదీయని గణితవేత్త – జాన్ నేపియర్

సంవర్గమానముల పాఠములో ఒక చిన్న అంకె విద్యార్థిని తరచుగా కలవరపెట్టును. లాగ్ అను గుర్తు ప్రక్కన కొంచెము క్రిందుగా వ్రాయు ఆధారమే ఆ అంకె. ఒకే సంఖ్యకు ఆధారము 2 అయినచో ఒక విలువయు, 10 అయినచో వేరొక విలువయు వచ్చుచుండగా, వీనిలో నిజమైన సంవర్గమానము ఏది అను సందేహము కలుగుట సహజము. ఈ సందేహమునకు సమాధానము సంవర్గమానములను లోకమునకిచ్చిన మహనీయుని చరిత్రలోనే కలదు. ఇరువది సంవత్సరములు శ్రమించి నిర్మించిన పట్టికకు వేరొక పునాది మేలని అంగీకరించినవాడు ఆయనయే.

జాన్ నేపియర్ 1550వ సంవత్సరమున స్కాట్లండు దేశములో, ఎడింబరో నగర సమీపమునగల మెర్కిస్టన్ కోటలో జన్మించెను. పదుమూడవ యేట సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయములో చేరెను గాని, పట్టము పుచ్చుకొనకయే విడిచిపోయెను. ఆయన యే విద్యాలయమునందును ఆచార్యుడు కాడు. భూస్వామిగా తన యెస్టేటు వ్యవహారములు చూచుకొనుచు, మిగిలిన కాలమును గ్రంథపఠనమునందును గణితమునందును వినియోగించెను. బైబిలులోని ప్రకటన గ్రంథముపై 1593లో ఆయన ప్రచురించిన వ్యాఖ్యానము ఆనాడు గొప్ప ప్రచారము పొందెను. దేశరక్షణకై శత్రునౌకలను దహించు దర్పణములు మున్నగు యుద్ధసాధనములను గూర్చి 1596లో ఒక పత్రము వ్రాసెను. ఆయన ఏకాంతవాసమును చూచి ఇరుగుపొరుగువారు మంత్రగాడని చెప్పుకొనెడివారని కథలు కలవు.

ఆ కాలమున ఖగోళశాస్త్రజ్ఞులకును, సముద్రముపై నౌకను నడుపువారికిని లెక్కలే పెద్ద భారముగా నుండెను. ఏడేసి అంకెలుగల సంఖ్యలను గుణించుట, భాగించుట వారికి నిత్యకృత్యము. ఒక్క అంకె తప్పినచో గంటల కొలది శ్రమ వ్యర్థమగును. ఈ బాధను తొలగించు ఉపాయము నేపియర్ మనస్సును ఆకర్షించెను.

ఉపాయమునకు మూలమైన భావము సులభమైనదే. 2, 4, 8, 16, 32 అను వరుసను చూడుడు. ఇవి క్రమముగా 2 యొక్క మొదటి, రెండవ, మూడవ, నాలుగవ, ఐదవ ఘాతములు. 4ను 8చే గుణింపవలెనన్నచో వాని ఘాతాంకములగు 2ను, 3ను కూడినచాలును. మొత్తము 5. ఐదవ స్థానమున నున్న 32 లబ్ధము. గుణకారము సంకలనముగా మారినది. ఈ సంగతి నేపియర్‌కు పూర్వమే కొందరెరుగుదురు. అయితే 4కును 8కిని నడుమనున్న 5, 6, 7 అను సంఖ్యలకు ఈ వరుసలో చోటు లేదు. ఆ ఖాళీలను పూరించుటకు నేపియర్ ఒక కోటితో ఆరంభించి, ప్రతి పర్యాయమును ఉన్న దానిలో కోటవ వంతును మాత్రమే తగ్గించుచు పోయెను. అడుగు అంత చిన్నదగుటచే సంఖ్యలు దట్టముగా అమరినవి. ఇట్లు సిద్ధమైన పట్టికను 1614లో లాటిను భాషలో ప్రకటించెను. నిష్పత్తి, సంఖ్య అను అర్థములుగల రెండు గ్రీకు పదములను కలిపి లాగరిథమ్ అను పేరును కల్పించినవాడును ఆయనయే.

అయినను ఆ తొలి పట్టిక మన నేటి పట్టిక వంటిది కాదు. అది త్రికోణమితిలోని జ్యలను, అనగా సైన్ విలువలను, ఉద్దేశించి చేసినది. అందు కోటికి సంవర్గమానము సున్న. సంఖ్య తగ్గినకొలది సంవర్గమానము పెరుగును. ఒకటికి సున్న రాకపోవుటచే, రెండు సంఖ్యల సంవర్గమానములను కూడినంతనే లబ్ధము యొక్క సంవర్గమానము రాదు. సంఖ్య పదిరెట్లు మారినప్పుడెల్ల సుమారు 2 కోట్ల 30 లక్షల మేరకు సవరణ చేయవలసియుండెను.

లండనులోని గ్రెషామ్ కళాశాలలో జ్యామితి ఆచార్యుడగు హెన్రీ బ్రిగ్స్ ఆ గ్రంథమును చదివి పరవశుడయ్యెను. 1615 వేసవిలో దీర్ఘప్రయాణము చేసి ఎడింబరో చేరి, ఒక మాసము నేపియర్‌కు అతిథిగా నుండెను. పదిని ఆశ్రయించి పట్టికను మార్చినచో మేలగునని బ్రిగ్స్ తన యభిప్రాయమును తెలిపెను. నేపియర్ కోపింపలేదు. అట్టి మార్పు తనకును తోచినదని చెప్పి, ఒకటికి సున్న ఉండునట్లు ఏర్పరచుట ఇంకను సుకరమని సూచించెను. ఆ సూచనయే ఉత్తమమని బ్రిగ్స్ ఒప్పుకొనెను. అప్పటికి నేపియర్ అరువదియైదేండ్ల వృద్ధుడు, దేహము రోగపీడితము. క్రొత్త పట్టికను తాను గణింపజాలనని గ్రహించి, ఆ కార్యమును బ్రిగ్స్ వంటి సమర్థులకు విడిచిపెట్టెను. పేరు ఎవరికి దక్కునను చర్చ వారి నడుమ రాలేదు.

పది ఆధారమైనందున కలిగిన సౌకర్యమెట్టిదో చూడుడు. 2కు సంవర్గమానము 0.3010, 20కి 1.3010; 200కు 2.3010. దశాంశభాగము మారదు, పూర్ణాంకము మాత్రమే మారును. మన వ్రాతసంఖ్యలు పదిపై ఆధారపడియుండుటయే దీనికి కారణము.

1616లో బ్రిగ్స్ మరల వచ్చి చేసిన పనిని చూపెను. మూడవసారి రావలెనని సంకల్పించుచుండగనే, 1617 ఏప్రిల్ 4వ తేదీన నేపియర్ మరణించెను. ఆ సంవత్సరమే బ్రిగ్స్ 1 మొదలు 1,000 వరకును గల సంఖ్యలకు 14 దశాంశస్థానముల పట్టికను వెలువరించెను. 1624లో 30,000 సంఖ్యలకు విస్తరించెను. మిగిలిన భాగమును హాలండు దేశీయుడగు వ్లాక్ పది స్థానములకు గణించి 1628లో పూర్తిచేసెను. ఖగోళశాస్త్రజ్ఞుడగు కెప్లర్ 1627లో ప్రకటించిన గ్రహగణిత పట్టికలయందు సంవర్గమానములను వాడెను.

ఇక మొదటి సందేహమునకు వత్తము. గజములలో కొలిచిన వస్త్రమును మీటర్లలో కొలిచినచో అంకె మారును గాని వస్త్రము మారదు. ఆధారము కూడ అట్టి కొలబద్దయే. ఒక ఆధారమునుండి మరియొక ఆధారమునకు పోవుటకు ఒకే సూత్రము చాలును: సంఖ్య యొక్క సంవర్గమానమును, క్రొత్త ఆధారము యొక్క సంవర్గమానముచే భాగింపవలెను. రెండును ఒకే పట్టికనుండి గ్రహింపవలెను. ఉదాహరణకు 8 ఆధారముగా 32కు సంవర్గమానము కావలెననుకొందము. పది ఆధారముగా 32కు విలువ 0.3010కి ఐదురెట్లు, 8కి మూడురెట్లు. భాగించినచో 5/3 వచ్చును. రెండు ఆధారముగా లెక్కించినను 32కు 5, 8కి 3. ఫలము మరల 5/3 యే. ఆధారము ధనసంఖ్య కావలెను, ఒకటి మాత్రము కారాదు; ఒకటిని ఎన్నిసార్లు గుణించినను ఒకటియే గదా.

నేడు పట్టికల స్థానమును గణనయంత్రములు ఆక్రమించినవి. వానిపై పది ఆధారముగా ఒక మీటయు, ఇ అను సంఖ్య ఆధారముగా మరియొక మీటయు కనబడును. రెండవదానికి నేపియర్ పేరు పెట్టుట వాడుక అయినను, అది ఆయన తొలి పట్టికతో సరిగా ఏకీభవింపదు. కంప్యూటరు శాస్త్రమునకు రెండు అనుకూలమైన ఆధారము. ఏ పనికి ఏది సుకరమో దానిని ఎన్నుకొనుటయే న్యాయము. సంవర్గమానములను కనిపెట్టిన నేపియరే తన తొలి పట్టికను పట్టుకొని వ్రేలాడలేదు. ఆధారమును మార్చు సూత్రమును నేర్పునపుడు ఉపాధ్యాయులు ఈ సంగతిని కూడ చెప్పినచో, ఆ చిన్న అంకె విద్యార్థిని ఇక భయపెట్టదు.